పడ్డా ఆరు

శకుంతలమ్మ సందూకు మీది నుంచి లేవలేదు.

పొద్దున బర్రె పాలు పితికి వచ్చి కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. ఆ సందూకులో ఆమె పెళ్లి చీర, పొలం పట్టా కాగితాలు, వాటి మీద కొడుకు స్కేట్లు రెండు జతలు ఉన్నాయి. గచ్చు మీదికి చక్రాలవి, మంచు మీదికి కత్తులవి. వాటిని లోపల పడేసి తాళం వేసింది ఆమే. తాళంచెవి ఎక్కడుందని అడిగే ధైర్యం ముడిమ్యాలలో ఎవరికీ లేదు. కట్టుకున్న యాదయ్యకు మరీ లేదు. ఆయన వాకిట్లో కూర్చుని, బాగానే ఉన్న బోరు మోటారు ఒకదాన్ని విప్పి మళ్లీ బిగిస్తున్నాడు.

సాయంత్రం సికింద్రాబాదులో రైలు. ఎల్లుండి పొద్దున ఢిల్లీ పక్కన ఒక పెద్ద మాల్ లోపల, మంచు పరిచిన నేల మీద పందొమ్మిదేళ్ల శ్రవణ్ నాలుగున్నర నిమిషాల పాటు తిరగాలి, ఎగరాలి. వచ్చినవాళ్లలో ఒక్కణ్ణే ఏరుకుని దేశం తరఫున పంపుతారు. ఆ ఒక్కడూ తానే కావాలని మూడేళ్ల నుంచి ఆ పిల్లవాడు ఇంకో ముచ్చట ఎత్తలేదు.

"అవ్వా, జర లే" అన్నాడు శ్రవణ్ తల్లితో.

"లేవ."

"పన్నెండింటికి యోసేపు సారు కారు తెస్తడు."

"తేనియ్. చాయ్ పోస్త."

ఆట నేర్పే సారు పేరెత్తినా పని కాలేదు. అక్కడితో మాటలు అయిపోయాయి. గోడ గడియారం మాత్రం ఎవరి పక్షమూ పట్టకుండా పదిన్నర చూపించింది.

గొడవ మొదలైంది మచ్చతో. నిన్న పొద్దున వీపు రుద్దుతానని శకుంతలమ్మ నీళ్ల చెంబు పట్టుకుని వెళ్తే, కొడుకు వద్దు వద్దంటూ గోడకు అతుక్కుపోయాడు. పందొమ్మిదేళ్ల వాడికి సిగ్గేమో అనుకుని ఆమె నవ్వింది. పక్కకు తిరిగినప్పుడు కనబడింది. నడుము కింద రొట్టె అంత మచ్చ. నడుమ నలుపు, అంచుకు పసుపు. గురువారం నాడు పడ్డానని, నొప్పి లేదని వాడు చెప్పాడు. నొప్పి లేనివాడు రెండు రోజులుగా నిలబడి అన్నం తింటున్నాడని ఆమెకు అప్పుడు అర్థమైంది.

అదొక్కటే అయితే పసుపు పట్టు వేసి, నాలుగు తిట్టి పంపేదే. కానీ మాపటేల అక్కాతమ్ముళ్లు అరుగు మీద మాట్లాడుకుంటుంటే ఆమె చెవిన పడింది. ఢిల్లీలో నాలుగు చుట్లు తిరిగి పడ్డా ఫికర్ లేదని, పడతాడని లెక్కవేసే కాగితం రాసుకున్నామని పూజిత తమ్ముడికి ధైర్యం చెబుతోంది. కన్న కొడుకు కాలు జారి పడితే దేవుడి రాత అనుకోవచ్చు. పడడానికే రైలు టికెట్ తీసి పంపుతున్నారంటే ఏమనుకోవాలి?

పూజిత గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పక్కవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే ఆమె పని. దానికి నెలనెలా జీతమిచ్చి, ఏసీ బస్సులో ఇంటిదాకా దింపుతారంటే ఊళ్లో ఇప్పటికీ సగం మంది నమ్మరు. ఆదివారం కాబట్టి ఇంట్లో ఉంది. ల్యాప్‌టాప్ తెచ్చి సందూకు ముందర పీట వేసుకుని కూర్చుంది. తల్లికి ఆట అర్థమైతే తాళం అదే తెరుచుకుంటుందని ఆమె నమ్మకం.

గాలిలో మూడు చుట్లు తిరిగి చక్కగా దిగితే నాలుగు పాయింట్ ఒకటి వస్తుందని, నాలుగు చుట్లు తిరిగితే పది పాయింట్ మూడు వస్తుందని ఆమె చెప్పింది. ఒక్క చుట్టుకే అంత తేడానా అని శకుంతలమ్మ అడగలేదు. అడుగుతుందేమోనని పూజిత కాసేపు ఆగి చూసింది. ఆ నాలుగు చుట్లు తిరిగి పడిపోతే, బాగా దిగలేదని మూడు, పడ్డందుకు ఒకటి, మొత్తం నాలుగు కోస్తారట. అప్పటికీ ఆరు పాయింట్ మూడు మిగులుతుంది.

"అంటే మూడు తిరిగి సక్కగ నిలబడ్డోని కంటె, నాలుగు తిరిగి పడ్డోనికే ఎక్కువనా?"

"అవునవ్వా. పడ్డా ఆరు."

"ఏం ఆట బిడ్డా ఇది? కింద పడుతందుకు ఢిల్లీ దాంక ఎందుకు? ఈడనే పడుమను, నేనిస్త ఆరు."

గుమ్మం దగ్గర శ్రవణ్ పెదవి కొరుక్కున్నాడు. నవ్వు ఆపుకోవడానికో, ఇంకెందుకో తెలియదు.

పూజిత ఓపిక వదల్లేదు. పోటీలో ఉన్న ఇంకో పిల్లవాడికి ఆ మంచు నేల ఇంటి పక్కనే ఉంది. ఏడాది పొడుగునా దాని మీదే మెలుగుతాడు. నున్నగా తిరుగుతాడు, మూడు చుట్లు ఎన్నడూ తప్పడు. మన శ్రవణ్ మంచు మీద నిలబడింది జన్మలో పది రోజులు, పోయిన ఏడాది శిక్షణ క్యాంపులో. అప్పటికి వాడికి రెండు చుట్లే వచ్చు. నున్నదనంలో ఆ పిల్లవాణ్ణి ఈ జన్మకు అందుకోలేడు. అందుకునే దారి ఒక్కటే, నాలుగో చుట్టు. అది లేకపోతే వీడు అంత దూరం పోయి రావడం దండగ.

ఇంత చెప్పినా ఆమె లేవలేదు. అయితే ఆమె ముఖం మారింది. బర్రె కొనేటప్పుడు పళ్లు లెక్కబెట్టే ముఖం అది.

"నాలుగు తిరగకపోతే?"

"తిరుగుతడవ్వా."

"నేనడిగింది చెప్పు. మూడున్నర తిరిగి పడితే ఎంత?"

పూజిత తెర మీద వేలు పైకీ కిందికీ జరిపింది. సగం చుట్టు తక్కువైతే జడ్జీలు దాన్ని మూడు చుట్ల కిందనే కడతారు. అందులోంచి మళ్లీ కోతలు పోతే మిగిలేది ఒకటి.

"ఒకటా?"

"ఒకటే."

"నడుము ఇరగ్గొట్టుకొని ఒకటి."

"గట్ల కాదవ్వా. నా దగ్గర ముప్పై ఒక్క వీడియోలున్నయ్. ఆపి ఆపి చూసిన. ప్రతిదాంట్ల నాలుగు పూర్తిగ తిరిగిండు. యోసేపు సారు గూడ చూసి ఓకే అన్నడు."

ఆ వీడియోలు ఊరంతా చూసింది. అన్నింటిలోనూ మోకాళ్ల నుంచి కిందికే ఉంటాడు శ్రవణ్. చుట్లు లెక్కబెట్టాలంటే పాదాలు కనబడితే చాలునని పూజిత అట్లా తీసింది. తప్పులు పట్టే మనిషి కదా, లెక్కకు పనికిరానిదేదీ ఆమె ఫోనులోకి రానివ్వదు. ఆ పాదాల పైన నడుము ఉందని, నడుముకు పట్టీ ఉందని, పట్టీకి తాడు ఉందని, తాడుకు అవతల ఒక ముసలాయన ఉన్నాడని ఆ వీడియోలు చూసినవాడికి తెలిసే దారి లేదు.

ఆ తాడు శకుంతలమ్మ పెట్టిన షరతే. గండిపేటలో కొత్తగా కట్టిన ఇళ్ల కాలనీలో బోరు మోటారు గుంజడానికి యాదయ్య కొడుకును వెంట తీసుకుపోయిన నాడే ఈ పిచ్చి పట్టింది. అక్కడి పిల్లలకు స్కేటింగు నేర్పే యోసేపు సారు వీణ్ణి చూసి, ఫీజు వద్దు పంపమన్నాడు. రెండు చుట్లు వచ్చేదాకా బాగానే ఉంది. మూడోది నేర్చుకునేటప్పుడు గచ్చు మీద పడి మణికట్టు విరిగింది. మొయినాబాదులో కట్టు కట్టించుకుని వచ్చిన నాడు తల్లి వాడి చేయి తన నెత్తి మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. రెండు దాటితే ఎప్పుడూ తాడు కట్టుకునే ఎగరాలి. తాడు లేకుండా ఎగిరితే తల్లిని చంపుకున్నట్టే.

పెద్ద దేశాల్లో కూడా నేర్చుకునేవాళ్లకు అట్లా పట్టీ, తాడు ఉంటాయని యోసేపు సారు ఫోటోలు చూపించాడు. యాదయ్య తన మోటార్లు గుంజే మూడు కాళ్ల స్టాండును కల్లంలో గచ్చు మీద నిలబెట్టి, కొసకు కప్పీ వేలాడదీశాడు. మూడు వందల అడుగుల పైపులను మోసే స్టాండుకు ఈ బక్కపిల్లవాడు ఒక బరువా? ఇక తాడు పట్టేది ఎవరు? యాదయ్య పొద్దున లేస్తే ఏదో ఒక ఊళ్లో ఎండిపోయిన బోరు దగ్గర ఉంటాడు. ఆ పని తాత కుర్మయ్యకు వచ్చింది.

కుర్మయ్య అడిగి మరీ తీసుకున్నాడు. తాడు ముచ్చట వస్తే ఆయనను ఆపలేం. ముప్పై ఏళ్ల కింద బావిలో పడ్డ ఎద్దును ఒంటిచేత్తో గుంజిన మనిషి. మొదట చెప్పినప్పుడు అది లేగదూడ. పూజిత పదో తరగతికి వచ్చేసరికి దానికి కొమ్ములు మొలిచాయి. ఆమెకు ఉద్యోగం వచ్చేనాటికి రెండు ఎద్దులై, బండితో సహా పడ్డాయి. బండి మీద ఎవరైనా ఉన్నారా అని అడిగితే, ఉన్నారు, పెండ్లివాళ్లు అన్నాడు.

తాడు పట్టేవాడి పని ఒక్కటే. వదులుగా పట్టుకోవాలి. పిల్లవాడు తన కాళ్ల బలంతో ఎగరాలి, తిరగాలి. తల కిందికి పోతేనే, పక్కకు ఒరిగితేనే తాడు బిగించి ఆపాలి. అంతకు మించి గుంజకూడదు. ఈ ముక్క యోసేపు సారు కుర్మయ్యకు మూడుసార్లు చెప్పి వెళ్లాడు.

శకుంతలమ్మ సందూకు మీదనే కూర్చుని గొంతు పెంచింది.

"మామా, జర ఇటు రా."

కుర్మయ్య పొద్దున నుంచి కొట్టంలో బర్రె పక్కన కూర్చుని ఉన్నాడు. మామూలుగా ఇంట్లో గొడవంటే మొదటి పీట ఆయనదే. ఇవాళ రెండుసార్లు పిలిస్తే గానీ రాలేదు. వచ్చి గోడకు ఆనుకున్నాడు. కుడి భుజం మీద తువ్వాల కప్పుకున్నాడు. మక్కచేనులో అడవిపంది కొట్టిందని మూడు రోజులుగా ఆ తువ్వాల తీయడం లేదు. పంది ఎంతుంటుందని అడిగితే, దాని మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందవన్నాడు.

"మామా, బిడ్డ లెక్క చెప్పింది. నాకు సమజైంది. నాలుగు తిరిగి పడితే ఆరు. తిరగకుంట పడితే ఒకటి. ఈ ఇంట్ల తాడు పట్టింది నువ్వొక్కనివే. వీడు తన కాళ్ల మీదనే నాలుగు తిరుగుతున్నడా? ఔనను. తాళం తీస్త."

శ్రవణ్ ముఖం వెలిగింది. ఎద్దుల కథ చెప్పే తాతకు ఔనని ఒక్క మాట అనడం ఎంత పని అనుకున్నాడు కాబోలు. "చెప్పు తాతా" అన్నాడు.

కుర్మయ్య తువ్వాల సర్దుకున్నాడు.

పంది గురించి ఎత్తుకోబోయాడు. శకుంతలమ్మ పంది సంగతి అడగలేదంది. నీళ్లు అడిగాడు. పూజిత తెచ్చిచ్చింది. గ్లాసు కుడిచేత్తో అందుకోబోయి, ఎడమచేత్తో అందుకున్నాడు.

వాకిట్లో రెంచి చప్పుడు ఆగింది.

యాదయ్య లోపలికి వచ్చాడు. రోజుకు పది మాటలకు మించి ఖర్చు చేయని మనిషి. చేతులకు గ్రీజు ఉన్నదని కూడా చూసుకోకుండా తండ్రి భుజం మీది తువ్వాల ఎత్తాడు. భుజం పొంగిన రొట్టెలా ఉంది. తర్వాత ఆయన చేయి తిప్పి అరచేయి చూశాడు. వేళ్ల మొదట్లో తోలు లేచి, ఎండి, మళ్లీ లేచింది. ఇరవై ఏళ్లుగా బోర్లలోంచి మోటార్లు గుంజుతున్నవాడికి ఆ చేతిలో చదవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"నాయినా. వదులు తాడు పట్టినోని చెయ్యి గిట్ల కాదు."

గోడవతల ఎవరిదో ట్రాక్టరు పోయింది.

కుర్మయ్య కింద కూర్చున్నాడు. కథ చెప్పేటప్పుడు ఆయనకు చేతులు ఊపే అలవాటు. ఇప్పుడు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. కట్టు విప్పిన తర్వాత పిల్లవాడు భయపడి ఎగరలేకపోయాడని, రోజూ కల్లంలో కూర్చుని బిక్కముఖం వేసేవాడని చెప్పాడు. ఒకనాడు వాడు ఎగిరినప్పుడు చేయి ఊరుకోక ఒక్క జానెడు గుంజాడట. జానెడే. వాడు చుట్టూ తిరిగి దిగి, నెల తర్వాత మొదటిసారి నవ్వాడు. మర్నాడు మళ్లీ జానెడు. ఆ తర్వాత మూర.

"రేపు ఇడుస్త, రేపు ఇడుస్త అనుకున్న. వాడు సంబరపడుతుంటె ఎట్ల ఇడువాలె?"

"తాతా, ఎద్దు కథ ఇంకోపాలి చెప్తున్నవు నువ్వు" అన్నాడు శ్రవణ్. నవ్వుతూనే అన్నాడు. "అవ్వ చెప్పమన్నదా నీకు? నన్ను ఆపుతందుకు ఇద్దరు కలిసిన్రా?"

మనవడు ఇన్నేళ్లలో తన మాట నమ్మని రోజు లేదు. బండి మీద పెండ్లివాళ్లు ఉన్నారంటే, పెండ్లికొడుకు ఏమయ్యాడని అడిగిన పిల్లవాడు వాడు.

"గురువారం నాడు ఇడిసిన బిడ్డా" అన్నాడు కుర్మయ్య. "ఢిల్లీల తాడుండదు గదా అని, ఒక్కపాలి సూద్దామని, ఉత్తగ పట్టుకున్న. ఒరిగినంక బిగించబోతె అందలె, భుజం పాయె. నువ్వు పడ్డవు."

శ్రవణ్ చేయి దానంతట అదే నడుము మీదికి పోయింది.

శకుంతలమ్మ సందూకు మీది నుంచి లేచింది. గెలిచిన మనిషి లేచినట్టు లేవలేదు. జాకెట్టులోంచి తాళంచెవి తీసి, తాళం తీసి, రెండు జతలూ తెచ్చి కొడుకు కాళ్ల దగ్గర పెట్టింది. తాడు కట్టమన్నది తానే. ఒట్టు వేయించుకున్నది తానే. ఆ తాడే లేకపోతే మొదటి వారంలోనే వాడికి నిజం తెలిసేది. ఆ మాట ఆమె పైకి అనలేదు, ఎవరూ ఆమెతో అనలేదు.

"పోతె పో బిడ్డా. ఇగ నేను ఆప."

శ్రవణ్ స్కేట్లు ముట్టుకోలేదు.

ఆ గదిలో పని చేస్తున్నది పూజిత ఒక్కతే. తప్పు దొరికితే దిద్దాలి, అదొక్కటే ఆమెకు తెలుసు. ముప్పై ఒక్క వీడియోలలో ఒక్కదానిలోనైనా ఫోను పైకెత్తి ఉంటే అని ఆమెకు అనిపించి ఉంటుంది. ముక్కు ఎగబీల్చి, ల్యాప్‌టాప్ ఒళ్లోకి లాక్కుంది. ఆటలో ఏది ఎగురుతామో ముందు రాసి పంపినా, మంచు మీద మార్చుకోవచ్చని, దానికి కోత లేదని యోసేపు సారు చెప్పాడని గుర్తు చేసుకుంది. నాలుగు చుట్ల వరస మీద వేలు పెట్టి తీసేసింది. కింద అంకెలన్నీ ఒక్కసారి తగ్గాయి.

"నాలుగు వద్దు తమ్మీ. మొదటి ప్లేస్ రాకపోతే రాకపాయె. రెండోది వచ్చినా క్యాంపుకు పిలుస్తరు, అక్కడ నెల రోజులు మంచు దొరుకుతది. మూడు సుట్లయి ఆరున్నయి మనకు. అవి సక్కగ దిగితె చాలు. మూడు పక్కానే గదా నీకు."

ఆమె టకటకా నొక్కుతూ పోయింది. మూడు చుట్ల వరసలు ఒకదాని కింద ఒకటి చేరాయి. మొత్తం మళ్లీ పెరగడం మొదలుపెట్టింది. యాదయ్య తల వంచి తెర వైపు చూశాడు. శకుంతలమ్మ కూడా చూసింది. ఆ అంకెలు కొంచెం కొంచెంగా పైకి పోతుంటే ఆ ఇంట్లో అందరికీ మళ్లీ ఊపిరి ఆడింది.

శ్రవణ్ తెర వైపు చూడలేదు.

వాడు లెక్కపెట్టుకుంటున్నాడు, పాయింట్లు కాదు, నెలలు. మణికట్టు విరిగింది ఎప్పుడు, కట్టు విప్పింది ఎప్పుడు, తాడు కట్టింది ఎప్పుడు. నెల తర్వాత నవ్వాడని తాత చెప్పిన ఆ రోజు ఏ రోజు. ఆ రోజు వాడు ఎన్ని చుట్లు తిరిగాడు.

బయట కారు వచ్చి ఆగింది. యోసేపు సారు హారన్ కొట్టాడు. కారు తలుపు తీసి, సామాను బయటికి తెమ్మని కేకేశాడు.

శ్రవణ్ పోయి తాత ముందర గొంతుక్కూర్చున్నాడు. ఆ తోలు లేచిన అరచేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. మెల్లగా, తాతకు మాత్రమే వినబడేటట్టు అడిగాడు. అయినా ఆ గదిలో అందరికీ వినబడింది.

"మూడు సుట్లప్పుడు గూడ గుంజినవా తాతా?"

పూజిత వేళ్లు ఆగిపోయాయి.

కుర్మయ్య మనవడి ముఖంలోకి చూశాడు. కాదని చెప్పడం ఎంత తేలికో ఆయనకు తెలుసు. ఆ ఒక్క మాట చెబితే వాడు లేచి, స్కేట్లు సంచిలో వేసుకుని, నవ్వుకుంటూ కారెక్కుతాడు. తర్వాత మంచు మీదికి తాడు లేకుండా, ఒంటరిగా పోతాడు.